పళ్ళ డాక్టరంటే భయమా? థెరపీ కుక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో పళ్ళ క్లినిక్ నడిపే డాక్టర్లు, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళే తల్లిదండ్రులు, ఆ కుర్చీ పేరెత్తితేనే చెమటలు పట్టే పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలివి. మొదటి భాగం పేషెంట్ల కోసం, రెండోది క్లినిక్‌ల కోసం. కుక్కను తీసుకొచ్చేవాళ్ళు మాత్రం రెండూ చదవాలి.

పేషెంట్లు, తల్లిదండ్రులు అడిగేవి

థెరపీ కుక్కంటే ఏమిటి? మా ఇంటి కుక్కను తీసుకెళ్తే సరిపోదా?

కొత్తవాళ్ళు ముట్టుకున్నా, పక్కన స్టీలు ట్రే కిందపడి మోగినా కంగారుపడని కుక్క ఒకటి, దాని మనసెరిగిన మనిషి ఒకరు కలిస్తేనే థెరపీ జట్టు. ఆ మనిషిని హ్యాండ్లర్ అంటారు. చూపు లేనివాళ్ళకు దారి చూపే కుక్క తన యజమాని కోసమే పనిచేస్తుంది. థెరపీ కుక్క మాత్రం ఎవరొస్తే వాళ్ళ కోసం పనిచేస్తుంది.

మీ కుక్క ఇంట్లో ఎంత బుద్ధిగా ఉన్నా క్లినిక్‌లో సంగతి వేరు. మీరు వెల్లకిలా పడుకుని మూలుగుతుంటారు, మాస్కు కట్టుకున్న మనిషెవరో మీ నోట్లో చెయ్యి పెడతాడు. మిమ్మల్ని కాపాడాలనుకునే కుక్క ఆ క్షణంలో ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. సొంత కుక్కను ఇంట్లోనే ఉంచి రండి.

నిజంగా భయం తగ్గుతుందా?

కొంతమందికి, కొంతమేరకు తగ్గుతుంది. అంతకు మించి హామీ ఇచ్చేవాళ్ళను నమ్మొద్దు.

2001లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 7 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 40 మందిని తీసుకుని, సగం మందికి పళ్ళ పని జరిగేటప్పుడు పక్కన కుక్కను ఉంచారు. భయపడితే వేళ్ళు చల్లబడతాయి కాబట్టి చర్మం వేడిని కొలిచారు. మొత్తం మీద రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ క్లినిక్‌లోకి వస్తూనే తమకు భయంగా ఉందని నోటితో చెప్పిన పిల్లలను విడిగా చూస్తే, డాక్టరు వచ్చేదాకా కుర్చీలో ఎదురుచూసే ఆ కాసేపట్లో కుక్క పక్కనున్నవాళ్ళు కుదుటపడ్డారు.

అంటే కుక్క ఉపయోగం భయం ఉన్నవాళ్ళకే, అదీ ముఖ్యంగా ఎదురుచూసే సమయంలోనే. కింద చెప్పే సలహాల్లో సగం ఈ ఒక్క సంగతి మీద నిలబడినవే. అందరికీ కుక్కను చూపించడం, పని జరిగినంతసేపూ కుక్కను అక్కడే కూర్చోబెట్టడం చూడ్డానికి బాగుంటాయి గానీ అవసరం లేదు.

ఈ ఆలోచన ఎవరిది?

జంతువును వైద్యంలో తోడుగా వాడటం గురించి పద్ధతిగా రాసిన తొలివారిలో అమెరికా పిల్లల మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్సన్ ఒకరు. ఎవరితోనూ కలవని పిల్లలు తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే నోరు విప్పుతున్నారని గమనించి 1962లో దాని మీద వ్యాసం ప్రచురించారు. పళ్ళ క్లినిక్‌లకు ఈ పద్ధతి తర్వాత పాకింది.

కుక్క పక్కనుంటే ఒంట్లో ఏం జరుగుతుంది?

భయపడే మనిషి ధ్యాసంతా నోటి మీదే ఉంటుంది. లోపల ట్రేలో ఏదో చప్పుడైతే చాలు, అది తన కోసమే అనుకుంటాడు. కుక్క బొచ్చులో వేళ్ళు పెట్టి నెమ్మదిగా నిమురుతుంటే ధ్యాస చేతికి మళ్ళుతుంది. నిమిరే వేగంతో పాటు ఊపిరి కూడా నెమ్మదిస్తుంది, గుండె దడ తగ్గుతుంది. పైగా కుక్క మిమ్మల్ని ఏమీ అడగదు. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ, పన్నంతా పుచ్చిపోయిందే" అని దెప్పదు. ఏళ్ళ తరబడి వాయిదా వేసి సిగ్గుతో వచ్చే పెద్దవాళ్ళకు ఇదే పెద్ద ఊరట.

నా భయం మామూలుదో, ఎక్కువో ఎలా తెలుసుకోవాలి?

అయిదు ప్రశ్నల కొలత ఒకటుంది. నార్మన్ కోరా 1969లో నాలుగు ప్రశ్నలతో చేసిన దానికి 1995లో సూది గురించిన ప్రశ్న కలిపారు. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, వెయిటింగ్ హాల్లో కూర్చుంటే ఎలా ఉంటుంది, డ్రిల్లు పెట్టబోతుంటే, క్లీనింగ్ చేయబోతుంటే, పై దవడ వెనక పన్ను దగ్గర చిగురుకు మత్తు సూది వేయబోతుంటే ఎలా ఉంటుంది? ఒక్కోదానికి 'ఏ భయమూ లేదు' అయితే 1, 'విపరీతమైన భయం' అయితే 5. మొత్తం 5 నుంచి 25 మధ్య వస్తుంది. 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తీవ్రమైన భయం కింద లెక్క.

మొత్తం కన్నా ఏ ప్రశ్నకు ఎక్కువ వచ్చిందో చూడటం మేలు. మొదటి రెండింటికే 4, 5 వచ్చినవాళ్ళకు కుక్క బాగా పనికొస్తుంది. సూది ప్రశ్నకు మాత్రమే 5 వస్తే కుక్క కన్నా ముందు చిగురుకు మత్తు జెల్లు రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి సూది వేసే డాక్టరును వెతుక్కోండి.

పని జరిగినంతసేపూ కుక్క నా ఒళ్ళో ఉంటుందా?

కొన్ని దేశాల్లో అలా ఉంచుతారు. మేం వద్దంటాం. నోట్లో తిరిగే డ్రిల్లు ఉండగా ఒళ్ళో కుక్క ఉలిక్కిపడితే మీరూ కదులుతారు, మీరు కదిలితే నాలుకో చెంపో తెగుతుంది. సూది, కత్తి నోట్లో ఉన్నప్పుడు కుక్క నేల మీద చాప పైన ఉండాలి, లేదా గది బయట ఉండాలి. డ్రిల్లు తిరిగేటప్పుడు బయటే ఉండాలి. 8 కిలోల లోపు చిన్న కుక్కయితే ఎదురుచూసేటప్పుడు, మత్తు ఎక్కేదాకా, పని అయ్యాక ఒళ్ళో పెట్టుకోవచ్చు.

మత్తు సూది వేశాక గుండె దడదడలాడుతుంది. అది భయమేనా?

చాలాసార్లు కాదు. మన దగ్గర ఎక్కువగా వాడేది 2% లిగ్నోకెయిన్. మత్తు ఎక్కువసేపు నిలవడానికి అందులో 1:80,000 పాళ్ళలో అడ్రినలిన్ కలుపుతారు. అది కాస్త రక్తంలోకి వెళ్తే గుండె వేగం పెరిగి, చేతులు వణికి, కొద్ది నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు తమకేదో అయిపోతోందని బెంబేలెత్తి కుర్చీ దిగి వెళ్ళిపోతారు. కింది దవడ పూర్తిగా మొద్దుబారడానికి ఎలాగూ 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. కుక్కను మళ్ళీ చేతి దగ్గరికి తేవాల్సిన సమయం అదే. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.

కుక్క ఉంటే మత్తు సూది లేకుండా పని చేయించుకోవచ్చా?

కూడదు. కుక్క నొప్పిని తగ్గించదు. ఇంకో మాట: కొంతమంది భయానికి అసలు కారణం వెనకెప్పుడో మత్తు సరిగా ఎక్కకుండానే పన్ను పీకించుకోవడం. చీము పట్టి వాచిన చోట కణజాలం పులుపెక్కి ఉంటుంది, ఆ ఆమ్లంలో మత్తుమందు నరం లోపలికి సరిగా దిగదు. అలాంటివాళ్ళు "పోయినసారి మత్తు ఎక్కలేదు" అని ముందే చెప్పాలి. డాక్టరు చీము తీసి, వాపు తగ్గించి, లేదా నరం మొదట్లో సూది వేసి పని చేస్తారు.

నాకు కుక్కలంటేనే భయం. మా ఇంట్లో కుక్కను తాకరు కూడా.

వీధి కుక్కలు వెంటపడిన అనుభవం మన ఊళ్ళలో లేనిదెవరికి? అలాగే కుక్క లాలాజలం తగిలితే నమాజుకు ముందు శుభ్రపరచుకోవాల్సిన కుటుంబాలున్నాయి, మడి పాటించే కుటుంబాలున్నాయి. ఎవరూ కారణం చెప్పుకోనక్కర్లేదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు "కుక్క లేని రోజు ఇవ్వండి" అంటే చాలు. మంచి క్లినిక్ కుక్క వచ్చే రోజులు, గంటలు గుమ్మం దగ్గర తెలుగులో రాసిపెడుతుంది.

మా పాపకు ఉబ్బసం ఉంది. బొచ్చు రాలని కుక్కయితే ఫర్వాలేదు కదా?

ఫర్వాలేదనుకోవద్దు. ఎలర్జీ తెచ్చేది బొచ్చు కాదు, కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. బొచ్చు రాలని జాతుల్లోనూ అవి ఉంటాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు కుక్క రాని రోజు తీసుకోండి, వీలైతే ఆ రోజు మొదటి అపాయింట్‌మెంట్ అడగండి.

ఇంకా ఎవరు దూరంగా ఉండాలి?

కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు, ప్లీహం తీసేసినవాళ్ళు, చేతుల మీద మానని పుండ్లు ఉన్నవాళ్ళు. ఆరోగ్యవంతుల్ని ఏమీ చేయని కుక్క నోటి సూక్ష్మజీవి ప్లీహం లేనివాళ్ళలో ప్రాణాల మీదికి తేవచ్చు. ఇటీవల కుక్క కరిచిన పిల్లలను కూడా బలవంతంగా పరిచయం చేయొద్దు.

కుక్క మొహం నాకితే?

నాకనివ్వకూడదు. పన్ను తీసిన చోట పచ్చి గాయం ఉంటుంది. మొద్దుబారిన పెదవి మీద తడి తగిలినా తెలియదు. పన్ను తీశాక కుక్కను చేత్తో నిమరడం వరకే, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పిల్లవాణ్ణి ఎలా సిద్ధం చేయాలి?

ముందు ఒక అలవాటు మానాలి. "అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా", "అల్లరి చేస్తే కుక్కొచ్చి కరుస్తుంది". ఈ రెండూ విని పెరిగిన పిల్లవాడికి పళ్ళ డాక్టరు గదిలో కుక్క కనిపిస్తే రెండు భయాలూ ఒకేసారి ఎదురవుతాయి.

మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా 15 నిమిషాలు వెళ్ళి రండి. కుక్కకు 42 పళ్ళు, పిల్లవాడికి 20 పాలపళ్ళు, అమ్మకు 32. హ్యాండ్లర్ కుక్క పెదవి ఎత్తి చూపిస్తే పిల్లవాడు దూరం నుంచి లెక్కపెడతాడు, తర్వాత డాక్టరు చిన్న అద్దంతో పిల్లవాడి పళ్ళు లెక్కపెడతారు. పిల్లల పళ్ళ డాక్టర్లు దశాబ్దాలుగా వాడుతున్న 'చెప్పు, చూపించు, చెయ్యి' పద్ధతే ఇది. చూపించే వంతు కుక్కది, అంతే తేడా. కుక్క మీద డ్రిల్లు, సూది లాంటివి మాత్రం ఆటకైనా పెట్టకూడదు.

కుక్క దగ్గరికి పరుగెత్తడం, మెడ చుట్టూ వాటేసుకోవడం, తల మీద తట్టడం వద్దని ఇంట్లోనే చెప్పండి. పక్కనుంచి వచ్చి, పిడికిలి వాసన చూడనిచ్చి, ఛాతీ మీదో వీపు మీదో నిమరాలి. ఈ మర్యాద పెద్దలకూ వర్తిస్తుంది.

దీనికి అదనంగా డబ్బు తీసుకుంటారా?

తీసుకోకూడదనే మా అభిప్రాయం. హ్యాండ్లర్లు ఎక్కువగా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే, వాళ్ళ రాకపోకల ఖర్చు క్లినిక్ భరించాలి. పేషెంటు బిల్లులో 'డాగ్ చార్జీ' కనిపిస్తే అడగండి.

క్లినిక్‌లు, హ్యాండ్లర్లు అడిగేవి

ఏయే కాగితాలు కావాలి?

మన దేశంలో థెరపీ కుక్కకు ప్రభుత్వమిచ్చే సర్టిఫికెట్ అంటూ లేదు. సంస్థలిచ్చే సర్టిఫికెట్లు శిక్షణకు గుర్తే తప్ప చట్టపరమైన లైసెన్సులు కావు. కాబట్టి మీరే పట్టుబట్టి చూడాల్సినవి: కార్పొరేషన్‌లో పెంపుడు కుక్క నమోదు, ఏడాది తిరగని యాంటీ రేబీస్ టీకా కార్డు, డిస్టెంపర్, పార్వో, లెప్టో అనే జబ్బులకు కలిపి వేసే టీకా, మూడు నెలలకోసారి నట్టల మందు, పశువైద్యుడి తాజా ఆరోగ్య పత్రం. కృష్ణా డెల్టాలో వానాకాలం ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు ఎక్కడైనా ఉంటాయి, లెప్టో ఎక్కువగా సోకేది వాటివల్లే, ఆ టీకాను తేలిగ్గా తీసుకోవద్దు. పరీక్షలకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

ఇక బీమా. డాక్టర్లు తీసుకునే ఇండెమ్నిటీ పాలసీ వైద్యంలో పొరపాట్ల కోసం. క్లినిక్‌లో కుక్క గీరితే వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఏజెంటు ఫోనులో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఎలాంటి కుక్కను తీసుకోవాలి? లాబ్రడారే కావాలా?

జాతి కన్నా స్వభావం ముఖ్యం. ఆసుపత్రుల్లోకి జంతువుల్ని అనుమతించడం మీద 2015లో అమెరికా ఇన్ఫెక్షన్ నివారణ నిపుణుల సంఘం ఇచ్చిన సూచనలు ఇక్కడా చక్కగా పనికొస్తాయి. కుక్క వయసు కనీసం ఏడాది, రెండేళ్ళయితే మేలు. ఇప్పుడున్న ఇంట్లో కనీసం 6 నెలలుగా ఉండాలి. గత 90 రోజుల్లో పచ్చి మాంసం పెట్టి ఉండకూడదు, ఎందుకంటే పచ్చి మాంసం తినే కుక్క పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా లాంటి క్రిముల్ని మలంలో వదులుతుంది. చికెన్ కొట్టు నుంచి వ్యర్థాలు తెచ్చి పెట్టే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి, ఈ ప్రశ్న సూటిగా అడగండి.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ సాధు స్వభావానికి పేరుపడ్డవే గానీ ఒత్తు బొచ్చుతో మన ఎండకు అల్లాడిపోతాయి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరే కష్టం. చిన్నప్పటి నుంచి ఇంట్లో పెరిగిన, నెమ్మదైన మన ఊరకుక్క ఈ వాతావరణానికి వాటన్నిటికన్నా నయం.

కుక్కను క్లినిక్‌కు ఎలా అలవాటు చేయాలి?

నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడి చెడగొట్టేది ఇక్కడే. మొదట ఇంట్లో ఫోనులో రికార్డు చేసిన డ్రిల్లు, సక్షన్ (నోట్లో నీళ్ళు లాగే గొట్టం) శబ్దాలు బాగా తక్కువ ధ్వనితో, కుక్క తినేటప్పుడు వినిపించాలి. చెవులు వెనక్కి వాలకపోతేనే మర్నాడు కాస్త పెంచాలి. తర్వాత ఆదివారం ఖాళీ క్లినిక్‌కు తీసుకెళ్ళాలి. మొదటి రోజు వాసన చూసి తిరగడం మాత్రమే: లవంగ నూనె, స్పిరిట్, గ్లౌజుల వాసనలే దానికి కొత్త లోకం. రెండోసారి కంప్రెసర్ ఆన్ చేయాలి. అది ఉన్నట్టుండి గుర్రుమని మొదలవుతుంది కాబట్టి ఎక్కువ కుక్కలు అక్కడే బెదురుతాయి. మూడోసారి కుర్చీ పైకీ కిందికీ, ఆపైన సక్షన్, చివర్లో డ్రిల్లు, మాస్కు, ఫేస్ షీల్డు కట్టుకున్న మనిషి.

క్లీనింగ్‌కు వాడే అల్ట్రాసోనిక్ స్కేలర్ సంగతి వేరు. అది సుమారు 25 నుంచి 30 కిలోహెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది. మన చెవి 20 దాటితే వినలేదు, మనకు వినిపించేది సన్నని ఈల మాత్రమే. కుక్క 45 దాకా వింటుంది. మనకు చిన్న శబ్దమనిపించేది దాని చెవికి పెద్ద కూత. డ్రిల్లుకు కదలని కుక్క కూడా స్కేలర్‌కు లేచి పోతుంది. అలవాటు చేయాలని చూడకండి, స్కేలింగ్ రోజు కుక్కను హాల్లోనే ఉంచండి.

ఒక విజిట్ ఏ క్రమంలో సాగాలి?

1. జట్టు పేషెంటు కన్నా 20 నిమిషాలు ముందు రావాలి. బయటే ఒంటికి, రెంటికి తిప్పి, నీళ్ళు తాగించి, నాలుగు పాదాలూ తడిగుడ్డతో తుడవాలి.
2. మెడపట్టీ, 4 నుంచి 6 అడుగుల మామూలు తాడు. సాగే తాడు పనికిరాదు.
3. పేషెంటు చేతులకు శానిటైజర్ రాసుకుని అది పూర్తిగా ఆరాకే కుక్కను ముట్టుకోవాలి. తడి చేతిని కుక్క నాకితే ఆల్కహాల్ దాని నోట్లోకి పోతుంది.
4. హాల్లో ఒక పక్కన 10 నుంచి 15 నిమిషాలు కలిసి కూర్చోవాలి. అసలు పని ఇదే. దీన్ని కుదించి నేరుగా కుర్చీ దగ్గర మొదలుపెడితే ఫలితం రాదు.
5. కుర్చీ దాకా కుక్క ముందు, పేషెంటు వెనక. పిల్లలు ఈ నడకలోనే సగం భయం వదిలేస్తారు.
6. సూది పడేటప్పుడు కుక్క చాప మీద. సూది బయటికొచ్చి మూత పడ్డాక మళ్ళీ చేతి దగ్గరికి.
7. డ్రిల్లు మొదలయ్యే ముందు బయటికి. పని అయ్యాక హాల్లో 5 నిమిషాలు.
8. చేతులు కడిగించి పంపాలి. దుప్పటి మార్చాలి, ఒక దుప్పటి ఒక్కరికే.

కుర్చీ పక్కన కుక్కను ఎక్కడ ఉంచాలి?

కుడిచేతి డాక్టరు పేషెంటు తలకు కుడి వైపున, అసిస్టెంటు ఎడమ వైపున కూర్చుంటారు. ఫుట్ పెడల్ డాక్టరు కాళ్ళ దగ్గర ఉంటుంది. కాబట్టి మిగిలింది ఎడమ మోకాలి పక్క. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు చాపను కుర్చీ అడుగుభాగానికి అడుగున్నర దూరంలో వేయండి. ఈ దూరం ఊరికే చెప్పింది కాదు: కుర్చీ కిందికి దిగేటప్పుడు తోకో పాదమో కింద చిక్కుకుంటే నలిగిపోతుంది. బటన్ నొక్కేముందు "కుర్చీ దించుతున్నా" అని డాక్టరు పైకే అనాలి, హ్యాండ్లర్ "సరే" అన్నాకే నొక్కాలి. సక్షన్ గొట్టాలు, వైర్లు చాప మీదుగా పోకూడదు.

ఏ గదుల్లోకి అస్సలు రానివ్వకూడదు?

పరికరాలు స్టెరిలైజ్ చేసే గది, ఎక్స్‌రే తీసే చోటు, దవడ ఆపరేషన్, ఇంప్లాంట్ జరిగే గది. డ్రిల్లు, స్కేలర్ తిరిగేటప్పుడు నీళ్ళు, లాలాజలం, రక్తం కలిసిన సన్నని తుంపర గాల్లో తేలి చుట్టూ పడుతుంది. అది కుక్క బొచ్చు మీద పడితే తర్వాతి పేషెంటు చేతికి అంటుతుంది. లాఫింగ్ గ్యాస్ వాడే గదిలోకీ వద్దు.

శుభ్రత ఎలా?

వచ్చే ముందు రోజు వాసన లేని షాంపూతో స్నానం, వచ్చే రోజు ఉదయం దువ్వడం, గోళ్ళు కత్తిరించి అంచులు అరగదీయడం. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకాలి. ఒక్క పిడుదు సోఫా మీద కనిపిస్తే క్లినిక్ పేరు ఊరంతా వెళ్తుంది. ఏసీ ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాలి. సోఫాలకు గుడ్డ కన్నా రెగ్జిన్ మేలు.

నేల తుడిచే ఫినాయిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు. తడి ఆరకముందే నడిస్తే పాదాలు మండుతాయి, తర్వాత కుక్క వాటిని నాకుతుంది. కుక్క వచ్చే రోజు ఫినాయిల్ మాని, తుడిచిన నేల పూర్తిగా ఆరాకే లోపలికి రానివ్వండి.

క్లినిక్‌లో కుక్కకు విషమయ్యేవి ఏమున్నాయి?

అన్నిటికన్నా ముందు జైలిటాల్ అనే తీపి పదార్థం. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో, మౌత్ ఫ్రెష్‌నర్లలో, కొన్ని టూత్‌పేస్టుల్లో ఉంటుంది. మనకు పళ్ళకు మంచిదని కౌంటర్ మీద పెట్టేదే కుక్కకు రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు, అంటే 20 కిలోల కుక్కకు 2 గ్రాములు. అరగంటలోనే తూలడం, వాంతులు మొదలవచ్చు. అప్పుడు ఆలోచించకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఐబుప్రొఫెన్ మాత్రలు, చిగురుకు రాసే బెంజోకెయిన్ జెల్లు, చాక్లెట్లు కూడా ప్రమాదమే. రక్తం అంటిన దూది వాసనకు కుక్క చెత్త డబ్బాలో మూతి పెడుతుంది, కాలితో తెరిచే మూత డబ్బాలే వాడండి. పిల్లలకు బహుమతిగా ఇచ్చే బిళ్ళలు కుక్క ఉన్నప్పుడు ఇవ్వొద్దు. సగం నేలపాలవుతాయి.

బెజవాడ ఎండల్లో ఇది సాధ్యమేనా?

ఊరిని బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు తారు రోడ్డు మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. అరచేతి వెనకభాగాన్ని రోడ్డుకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే కుక్కను నడిపించకూడదు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఉదయం 9 లోపు లేదా సాయంత్రం 6 తర్వాత మాత్రమే పెట్టుకోండి, లేదా ఆ రెండున్నర నెలలూ మానేయండి. బండి మీద తేవడం, ఆగిన కారులో ఉంచడం రెండూ వద్దు.

సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట లాంటి చోట్ల క్లినిక్‌లు ఎక్కువగా మేడ మీదే. లిఫ్టులో ఇతరులతో కలిపి ఎక్కించొద్దు, ఇరుకులో కుక్కకీ మనుషులకీ ఇబ్బందే. కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ రోజుకు అక్కడితో ముగించాలి.

దీపావళికి వారం ముందు నుంచి నాగుల చవితి దాకా పెట్టుకోవద్దు. టపాసులకు రాత్రంతా వణికిన కుక్క పగలు ఎవరినీ ఓదార్చలేదు.

కుక్క అలిసిపోయిందని ఎలా తెలుస్తుంది?

వేడి లేకుండానే రొప్పడం, ఊరికే పెదవులు నాక్కోవడం, ఆవలింతలు, మొహం తిప్పేసుకోవడం, కంటి తెల్లభాగం నెలవంకలా కనిపించడం, తోక కాళ్ళ మధ్యకు పోవడం. ఆవలిస్తే "నిద్రొస్తోంది పాపం" అని నవ్వుకుంటారు. చాలాసార్లు అది "ఇక చాలు" అనే మాట. దాన్ని వినకపోతే తర్వాతి మాట గుర్రు, ఆ తర్వాత పన్ను. గుర్రుమన్నందుకు తిడితే ఈసారి గుర్రు లేకుండానే కరుస్తుంది.

ఒక విజిట్ గంట దాటకూడదు. 20 నిమిషాలకోసారి నీళ్ళు, విరామం. రోజుకు ముగ్గురు పేషెంట్లు, వారానికి రెండు రోజులు చాలు. "ఇంకొక్కరు, పాపం దూరం నుంచొచ్చారు" అన్న మొహమాటమే ఎక్కువ పొరపాట్లకు కారణం. ఆపే అధికారం హ్యాండ్లర్‌దే, డాక్టరుది కాదు. జంతువును బాధపెట్టి పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందికి వస్తుందని కూడా గుర్తుండాలి.

కరిచినా, గీరినా ఏం చేయాలి?

పని ఆపండి. గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి, కడగండి. పోవిడోన్ అయొడిన్ రాయండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. కుక్కకు టీకా కార్డు ఉన్నా ప్రభుత్వాసుపత్రికి పంపండి. రక్తం రాని గీతకు రేబీస్ టీకా, రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) వేస్తారు. కుక్కను 10 రోజులు గమనించాలి. ఆ కుక్కను మళ్ళీ క్లినిక్ పనికి తేవొద్దు, ఎంత మంచిదైనా.

లోపల ఒంటికి పోస్తే?

ముందు కాగితంతో పూర్తిగా అద్ది, నీళ్ళతో తుడిచి, ఆ తర్వాతే 1% హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) వేయాలి. మూత్రం మీదే నేరుగా బ్లీచ్ పోస్తే అందులోని అమ్మోనియాతో కలిసి ఘాటైన వాయువు లేస్తుంది.

మా స్టాఫ్‌లో ఒకరికి ఇష్టం లేదు.

వాళ్ళ డ్యూటీ ఆ రోజుల్లో వేయకండి. నచ్చజెప్పొద్దు.

ఫలితం ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

పైన చెప్పిన అయిదు ప్రశ్నల కాగితం మొదటి విజిట్‌లో, మూడో విజిట్‌లో నింపించండి. కుక్కతో కూర్చోకముందు, కూర్చున్నాక వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి నాడి రాసుకోండి. ఇవన్నీ ఒక ఎత్తు, పేషెంటు తర్వాతి అపాయింట్‌మెంట్‌కు వచ్చాడా లేదా అన్నది ఒక ఎత్తు. 20 మందికి అదొక్కటి లెక్కేసినా మీకు జవాబు దొరుకుతుంది.

కుక్క కుదరదు. పిల్లి, కుందేలు, చిలక, చేపలు?

పిల్లికి ఎలర్జీ ఎక్కువమందికి, గోళ్ళు మెరుపు వేగం, చెప్పిన మాట వినదు. కుందేలు పిల్లల చేతుల్లో బెదిరి తన్నుకుని వెన్ను విరగ్గొట్టుకుంటుంది. రామచిలుకను, నక్షత్ర తాబేలును ఉంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. బజార్లో దొరికే ఎర్రచెవి తాబేలు సాల్మొనెల్లా మోస్తుంది.

చేపల తొట్టి మాత్రం మన ఊళ్ళకు నిజంగా తగిన ఉపాయం. 1984లో ఆరన్ కాచర్ బృందం నోటి శస్త్రచికిత్సకు ముందు కొందరిని అక్వేరియం చూస్తూ కూర్చోబెట్టింది. వాళ్ళకు కలిగిన ఊరట హిప్నాటిజంతో కలిగినదానికి తీసిపోలేదు. గోడ మీది బొమ్మ చూసినవాళ్ళకు అంత ఊరట కలగలేదు. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. పది, పన్నెండు గప్పీలు చాలు. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చాలి, కుళాయి నీళ్ళలో క్లోరిన్ తీసే చుక్కలు కలపకుండా పోస్తే చేపలు మర్నాటికి తేలతాయి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ గాలిపంపు ఉంచండి. పేషెంటు కంటికి ఎదురుగా, కూర్చున్న ఎత్తులో పెట్టాలి, రిసెప్షన్ వెనక అలంకారంగా కాదు. పాచి పట్టిన తొట్టి, తేలిన చేప చూసిన పేషెంటు లోపల పరికరాలు ఎంత శుభ్రంగా ఉన్నాయోనని అనుమానిస్తాడు. అలా అనుకుంటే తప్పు పట్టలేం.

పిల్లలు అలవాటు పడ్డ కుక్కకు వయసు మీద పడితే?

మెట్లెక్కడానికి వెనకాడటం, ముట్టుకుంటే ఉలిక్కిపడటం, క్లినిక్ వీధి మలుపు దగ్గరే ఆగిపోవడం కనిపిస్తే మానిపించాలి. పెద్ద జాతులకు 8 ఏళ్ళు దాటాక 6 నెలలకోసారి కీళ్ళు, చెవులు, కళ్ళు, పళ్ళు పరీక్ష చేయించండి. పళ్ళనొప్పి ఉన్న కుక్క కూడా చిరాకుగా ఉంటుంది. మానిపించే రెండు నెలల ముందు నుంచే మధ్యమధ్య కుక్క లేని అపాయింట్‌మెంట్లు ఇవ్వండి. పిల్లలకు అబద్ధం చెప్పకుండా "దానికి పెద్దతనం వచ్చింది, ఇంట్లో ఉంటోంది" అనండి. దాని ఫొటో ఒకటి హాల్లో ఉంచితే వచ్చిన పిల్లలు అడుగుతారు, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ళకు దాని కబుర్లు తెలిసి ఉండాలి.